పాత టర్బో పికప్ కొనేముందు ఏవేవి చూడాలి, ఏడాది పొడవునా ఖర్చు ఎక్కడ తగులుతుంది?

లాగుడుబండి అడిగారు:

అందరికీ నమస్కారం. టర్బో పెట్రోల్ ఇంజన్ ఉన్న పికప్ ట్రక్కు ఒకటి సెకండ్ హ్యాండ్‌లో అమ్మకానికి వచ్చింది. ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు (ఎగ్జాస్ట్ వాయువుతో తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేవి), డైరెక్ట్ ఇంజెక్షన్ (పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే పద్ధతి), పది గేర్ల ఆటోమేటిక్. మీటరు 1,30,000 కిలోమీటర్లు చూపిస్తోంది. నా పని ఎక్కువగా ఖాళీ బండితో చిన్న చిన్న దూరాలు తిరగడమే అయినా, అప్పుడప్పుడు బరువైన ట్రైలర్‌ను ఎత్తుల మీదుగా లాగాల్సి ఉంటుంది. టర్బో పోతే బండి విలువలో పెద్ద భాగం దానికే పెట్టాలని కొందరు భయపెడుతున్నారు, సరిగ్గా చూసుకుంటే ఏమీ కాదని మరికొందరు అంటున్నారు. నిజంగా ఏ భాగాలు ముందుగా చెడిపోతాయి, కొనేముందు వాటిని ఎలా గుర్తుపట్టాలి, కొన్న తరువాత ఏ ఖర్చులకు సిద్ధపడాలి అన్నది అనుభవమున్నవారు చెప్పగలరని మనవి.

చమురుచేతులు ఇచ్చిన జవాబు:

లాగుడుబండి గారూ, టర్బో దానంతట అది చెడిపోవడం తక్కువ. ఎక్కువసార్లు దానిని చెడగొట్టేది ఆయిలే. లోపలి షాఫ్టు నిమిషానికి 1,00,000కు పైగా చుట్లు తిరుగుతుంది, ఒక చివర 900 డిగ్రీల దాకా వేడెక్కే ఎగ్జాస్ట్ తగులుతూ ఉంటుంది, ఈ రెంటి మధ్య ఆ షాఫ్టును నిలబెట్టేది పలుచటి ఆయిల్ పొర ఒక్కటే. లోడుతో ఎత్తు ఎక్కి వచ్చిన వెంటనే ఇంజన్ ఆపేస్తే, అక్కడ నిలిచిపోయిన ఆయిల్ మాడి నల్లటి పెచ్చుగా మారి, ఆయిల్ వచ్చే సన్నటి పైపును కొంచెం కొంచెంగా పూడ్చేస్తుంది. ఇప్పటి టర్బోలకు కూలెంట్ కూడా అందుతుంది కాబట్టి ఈ బాధ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అందుకే ట్రైలర్ లాగిన తరువాత ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపడం మంచిది.

బండి చూడటానికి వెళ్లినప్పుడు టర్బోకు గాలి వెళ్లే హోస్‌ను విప్పించి షాఫ్టును వేలితో కదిపి చూడండి. పక్కలకు కొద్దిగా కదలడం మామూలే, కానీ ముందుకూ వెనక్కూ కదులుతున్నా, రెక్కలు గోడకు రాసుకున్న గీతలు కనిపించినా ఆ టర్బోకు కాలం చెల్లినట్లే. హోస్ లోపల సన్నటి ఆయిల్ తడి ఉంటే కంగారు పడనక్కరలేదు, గుంటకట్టి ఉంటే మాత్రం ఆలోచించాలి. లాగుడు తగ్గిందని టర్బోనే మార్పించేవారిని చూస్తుంటాను. చాలాసార్లు తప్పు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) హోస్ క్లాంపు దగ్గరో, వేస్ట్‌గేట్ (టర్బో ఒత్తిడిని అదుపు చేసే చిన్న తలుపు) దగ్గరో ఉంటుంది, వాటికి అయ్యే ఖర్చు టర్బో ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. ఒకవేళ టర్బోను మార్చవలసి వచ్చినా, ఆయిల్ వచ్చే పైపును కూడా కొత్తది వేయించండి, పాత పైపే ఉంచితే కొత్త టర్బో కూడా అదే దారి పడుతుంది.

కొలతబద్ద ఇచ్చిన జవాబు:

పై జవాబుతో ఏకీభవిస్తూ, మీరు చెప్పిన తరహా ఇంజన్‌లో టర్బో కన్నా ముందుగా ఇబ్బంది పెట్టే వాటిని చెబుతాను. మొదటిది క్యామ్ ఫేజర్ల (వాల్వులు తెరుచుకునే సమయాన్ని మార్చే భాగాల) చప్పుడు. రాత్రంతా నిలిపిన ఇంజన్‌ను స్టార్ట్ చేయగానే ముందుభాగం నుంచి రెండు మూడు సెకన్లు గరగరమని వినిపించి ఆగిపోతుంది. ఫోర్డ్ ఎఫ్-150లో 2017 నుంచి వచ్చిన 3.5 లీటర్ల ఇంజన్ ఈ విషయంలో బాగా పేరుపడింది. అమ్మేవారు ముందే ఇంజన్ వేడిచేసి ఉంచితే ఈ చప్పుడు మీకు వినబడదు కాబట్టి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయవద్దని ముందే అడగండి, బానెట్ మీద చెయ్యి పెట్టి చూసి మరీ తాళం తిప్పించండి. ఫేజర్లు మార్చాలంటే ఇంజన్ ముందు కవరు విప్పాలి, అంతదాకా వెళ్లినప్పుడు టైమింగ్ చెయిన్ కూడా చూడకుండా మూయడం అవివేకం.

రెండవది మిస్‌ఫైర్, అంటే సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం. సిలిండర్‌లో ఒత్తిడి పెరిగేకొద్దీ నిప్పురవ్వ దూకడానికి ఎక్కువ వోల్టేజ్ కావాలి, అందువల్ల టర్బో ఇంజన్‌లో ప్లగ్గులు అరిగి వాటి గ్యాప్ కాస్త పెరిగినా ఖాళీగా బాగానే నడిచే బండి లోడు మీద తడబడుతుంది. ప్లగ్గులను కంపెనీ చెప్పిన గడువుకన్నా ముందే మార్చడం నా అలవాటు. డైరెక్ట్ ఇంజెక్షన్ మాత్రమే ఉన్న ఇంజన్లలో పెట్రోల్ ఇన్‌టేక్ వాల్వుల మీద పడదు కాబట్టి కార్బన్ పేరుకుంటుంది, పోర్ట్ ఇంజెక్షన్ (వాల్వుల ముందే పెట్రోల్ చిమ్మే పద్ధతి) కూడా కలిపి ఇచ్చిన ఇంజన్లలో ఈ సమస్య అంతగా లేదు. మీరు చూస్తున్న ఇంజన్ ఏ రకమో ముందు తేల్చుకోండి.

ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే గొట్టాలు) బోల్టులు కూడా వేడికి విరుగుతాయి. చల్లటి ఇంజన్‌లో టిక్ టిక్ అని వినిపించి, వేడెక్కాక తగ్గిపోతే అనుమానించాల్సింది వాటినే.

బరువులెక్క ఇచ్చిన జవాబు:

ఖర్చు సంగతి నేను చెబుతాను. పికప్‌లలో బిల్లు పెరిగేది సామాను ధరతో కన్నా పని గంటలతోనే. విరిగిన మ్యానిఫోల్డ్ బోల్టు చేతిలో ఇమిడేంత చిన్నది, కానీ లోపల మిగిలిన ముక్కను ఇంజన్ పైభాగమైన హెడ్‌కు దెబ్బ తగలకుండా డ్రిల్ చేసి తీయడానికి మెకానిక్‌కు ఒక పూట పట్టవచ్చు. కొన్ని పెద్ద డీజిల్ పికప్‌లలోనైతే టర్బో దగ్గరకు చెయ్యి వెళ్లాలంటే క్యాబిన్‌నే ఛాసిస్ మీద నుంచి పైకెత్తుతారు. అందుకే కొనకముందే మీ మెకానిక్‌ను ఈ మోడల్‌లో ఏ పనికి ఎన్ని గంటలు పడుతుందో అడిగి రాసుకోండి.

మైలేజీ విషయంలో ప్రకటనల అంకెలను నమ్ముకోకండి. టర్బో పూర్తి ఒత్తిడితో పనిచేస్తున్నప్పుడు వేడిని అదుపులో పెట్టడానికి ఇంజన్ అదనంగా ఇంధనం తాగుతుంది, కనుక ట్రైలర్ తగిలించగానే చిన్న టర్బో ఇంజన్ కూడా పెద్ద ఇంజన్‌లాగే ఖర్చు పెడుతుంది. వీటికి తోడు పెద్ద టైర్లు, బ్రేకులు, డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆయిల్ ఉన్నాయి. ట్రైలర్ లాగిన బండి అయితే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన రికార్డు తప్పక చూడాలి, అది లేకపోతే ఆ ఖర్చును ధరలోనే తగ్గించమని అడగండి.

లాగుడుబండి మళ్లీ రాశారు:

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం చల్లటి ఇంజన్‌ను దగ్గరుండి స్టార్ట్ చేయించాను, ఏ చప్పుడూ వినిపించలేదు. అయితే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పై గీత దాటి ఉంది, దగ్గరగా వాసన చూస్తే పెట్రోల్ వాసన స్పష్టంగా తెలుస్తోంది. ఇది దేనికి గుర్తు?

చమురుచేతులు ఇచ్చిన జవాబు:

చిన్న దూరాలే తిరిగి ఇంజన్ పూర్తిగా వేడెక్కని బండ్లలో, కాలని పెట్రోల్ సిలిండర్ గోడల వెంట జారి ఆయిల్‌లో కలుస్తుంది; ఆయిల్ పలచబడితే టర్బో బేరింగులకూ చెయిన్‌కూ హాని. కారుతున్న ఇంజెక్టర్ వల్ల గానీ, హై ప్రెషర్ పంపు సీలు పోవడం వల్ల గానీ ఇదే జరగవచ్చు. ఆయిల్, ఫిల్టర్ మార్పించి, సరైన కొలతకు నింపి, దూర ప్రయాణం ఒకటి చేయించిన తరువాత మళ్లీ డిప్‌స్టిక్ చూడండి. మట్టం పెరగకపోతే తిరిగిన తీరే కారణమని అనుకోవచ్చు, మీరు కూడా చిన్న దూరాలే తిరుగుతానన్నారు కాబట్టి ఆయిల్ గడువును సగానికి తగ్గించుకోండి. అప్పుడు కూడా పెరిగితే ఇంజెక్టర్లను పరీక్ష చేయించి, ఆ ఫలితం చేతికి వచ్చేదాకా అడ్వాన్సు ఇవ్వకండి.