షికారు అంటే ఒడియా వాళ్లకి వేట. కరపత్రంలో ఏం రాయాలి?

బరంపురం తెలుగు: పెద్దవాళ్లని ఆదివారం సాయంత్రాలు గోపాలపురం తీసుకెళ్లి, సముద్రం ఒడ్డున కాసేపు నడిపించి తీసుకొచ్చే ఏర్పాటు చేస్తున్నాం. కరపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ వేయాలి. తెలుగులో 'సాయంత్రపు షికారు' అని రాస్తే, అచ్చువాళ్లు అదే మాటని ఒడియా లిపిలో 'శికార' అని దించేశారు. చూసినవాళ్లు "ఏ జంతువుని?" అంటున్నారు. తెలుగులో షికారు ఉంచొచ్చా, వాహ్యాళి అనాలా?

పర్లాకిమిడి పంతులు: తెలుగులో నిక్షేపంగా ఉంచండి. మాట పారసీది, అక్కడ అర్థం వేటే. ఒడియా, హిందీ, మరాఠీ, కన్నడాల్లో వేటగానే నిలిచింది. మన దగ్గర వేట జారిపోయి, సరదాగా బయల్దేరడం మిగిలింది. పాత అర్థం 'షికారీ'లో మాత్రం ఇంకా ఉంది, షికారీ అంటే వేటగాడే.

ఒడియాలో మాటల్లో అయితే 'బులిబాకు జిబా', అచ్చులో అయితే 'సంధ్యా భ్రమణ'. అయితే ఆ భ్రమణని తిరిగి తెలుగులోకి తేకండి. మనకి భ్రమణం అంటే భూమి తన చుట్టూ తాను తిరగడం. పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతాయి!

వ్యాకరణం పిచ్చి: వాహ్యాళి వద్దు. సంస్కృతంలో అది గుర్రాలు తోలే మైదానం, ఇప్పటికీ ఆ రాజసం వదల్లేదు. పైగా సగం మంది 'వ్యాహ్యాళి' అని రాస్తారు, మొదటి య-వత్తు తప్పు. పచార్లు అసలే కాదు. పచార్లంటే ఒకే చోట ఇటూ అటూ నడవడం, ఆపరేషన్ గది బయట చేసేది. బలాదూర్ అంటే తిట్టు. బహువచనంలో షికారుకీ కాస్త ఆ రంగు అంటుకుంటుంది: 'షికారుకెళ్లాడు'లో తప్పేం లేదు, 'షికార్లు కొడుతున్నాడు' అంటే పని మానేశాడని. కరపత్రంలో ఏకవచనమే వాడండి.

బరంపురం తెలుగు: గోపాలపురం దాకా ఆటోలో వెళ్తాం. అయినా షికారేనా?

వ్యాకరణం పిచ్చి: షికారే. పడవ షికారు, కారు షికారు అనడం లేదా? కాళ్లతో పన్లేదు, తొందర లేకపోతే చాలు. చేతిలో సంచీ ఉండి, దార్లో కూరలు కొనాలనుకుంటే అది బజారుకెళ్లడం. డాక్టరు చెప్పాడని చెమట పట్టేదాకా నడిస్తే వాకింగ్. పుకార్లు కూడా షికారు చేస్తాయి, వాటికీ తొందర ఉండదు మరి. అక్కడ వాహ్యాళి పెట్టి చూడండి, నవ్వొస్తుంది.

సిరొంచ: మా వైపు మరాఠీవాళ్లతోనూ ఇదే తంటా. 'శికారీలా' అంటే తుపాకీ పట్టుకుని పోవుడే. తిరగపోదామంటే 'ఫిరాయలా జాఊ' అనాలె.

పర్లాకిమిడి పంతులు: అచ్చుకిచ్చేటప్పుడు ఒడియా వాక్యం ఒడియా వాళ్లచేత విడిగా రాయించి ఇవ్వండి. తెలుగు కాగితం చూసి లిపి మార్చమంటే మళ్లీ వేటకే పోతారు.