ముందు డబ్బు కట్టినవాడికే ఎక్కువ ధరా? (బోర్డ్ గేమ్ ప్రీఆర్డర్ పంచాయితీ)

కోట జంక్షన్ (విజయనగరం):
జూలైలో ఒక బోర్డ్ గేమ్‌కి ప్రీఆర్డర్ కట్టాను. మన దేశంలోని చిన్న కంపెనీయే, పేరు వద్దు. జీఎస్టీతో కలిపి 2,799 రూపాయలు. అక్టోబరు ఆఖర్లో పెట్టె వచ్చింది. గేమ్ బాగుంది, అందులో వంక పెట్టను. మొన్న సంక్రాంతి సేల్‌లో అదే పెట్టె ఆన్‌లైన్‌లో 1,899.

అంతవరకే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఎందుకో బిల్లు తీసి చూశాను. 2025 సెప్టెంబరు 22 నుంచి బోర్డ్ గేమ్స్ మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. లూడో, క్యారమ్స్, చెస్ బోర్డులున్న గుంపులోనే ఇవీ ఉన్నాయి. బిల్లు అక్టోబరుది కాబట్టి 5 శాతమే వేశారు, మొత్తం మాత్రం అదే 2,799. జూలై లెక్కలో అసలు ధర 2,499, పన్ను 300. బిల్లులో అసలు ధర 2,666, పన్ను 133. తగ్గిన పన్ను నా దాకా రాకుండా అసలు ధరలో కలిసిపోయింది. నాకు పడాల్సింది 2,624. అంటే 175 రూపాయలు తేడా. మెయిల్ పెడితే, ధరలు మార్కెట్‌ని బట్టి ఉంటాయనీ మీ ఆదరణకు ధన్యవాదాలనీ జవాబిచ్చారు.

ఇది న్యాయమేనా? నేనే అతి చేస్తున్నానా?

అష్టాచెమ్మా (ఆమదాలవలస):
కొంచెం అతే బాబూ. ఏప్రిల్ మొదట్లో బంగినపల్లి కొన్నవాడు మే ఆఖరున వెళ్ళి, రేటు తగ్గింది కాబట్టి తేడా వెనక్కివ్వమని అడుగుతాడా? ముందు తినాలనుకున్నావు, తిన్నావు. పైగా ఎం.ఆర్.పి. అంటే అంతకు మించి అమ్మకూడదని అర్థం, తక్కువకి అమ్మకూడదని కాదు. 175 సంగతి వేరు, అది అడిగి తీరాలి.

ఉద్దానం కుర్రోడు (పలాస):
టీచర్ గారూ, మామిడిపండు లెక్క ఇక్కడ కుదరదండి. పండు చేతికొచ్చాక కొన్నవాడి సంగతి మీరు చెప్తున్నారు. ప్రీఆర్డర్ అంటే పూత మీద తోట గుత్తకు తీసుకోవడం. మా జీడితోటల్లో అలా ముందు డబ్బు పెట్టినవాడికి రేటు తక్కువ పడుతుంది. ఎందుకంటే కాపు రాకపోతే నష్టం వాడిదే. 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు చూశాం కదా, చెట్టే లేకుండా పోయింది. ఈయన మూడు నెలల ముందు డబ్బు కట్టాడు. గేమ్ రాకపోయే రిస్కు ఈయనది, ఎక్కువ ధరా ఈయనకే. ఏ తోటలో ఉందండీ ఈ పద్ధతి?

అష్టాచెమ్మా (ఆమదాలవలస):
ఆ, అదీ నిజమే. గుత్త సంగతి నాకు తట్టలేదు.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
మీరంతా కొన్నవాళ్ళ వైపు నుంచే మాట్లాడుతున్నారు. నాకు ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్టేషనరీ షాపు ఉంది. మా అబ్బాయి పోరు పడలేక పండక్కి ఇదే గేమ్ ఆరు పెట్టెలు తెచ్చాను. నాకు 40 శాతం తగ్గించి ఇచ్చారు, ఒక్కోటి 1,679 పడింది. పదివేల పైచిలుకు పెట్టుబడి. రెండు అమ్మాను. ఆన్‌లైన్‌లో 1,899 పడిన మర్నాడు కాలేజీ కుర్రాళ్ళు ముగ్గురు వచ్చి, పెట్టె తిప్పి చూసి, వెనకున్న బొమ్మకి ఫోటో తీసుకుని వెళ్ళిపోయారు. ఆ రేటుకి ఇస్తే నాకు మిగిలేది 220. అందులో కరెంటు బిల్లు, కుర్రాడి జీతం.

ఆన్‌లైన్ రేటు కంపెనీ చేతిలో లేదంటే నేను నమ్మను. వార్‌హామర్ అనే యుద్ధాల ఆటకి బొమ్మలు చేసే గేమ్స్ వర్క్‌షాప్ కంపెనీ 2011లో యూరప్ షాపులు బయటి దేశాలకు పంపకూడదని ఆపేసింది. కావాలనుకుంటే ఆపగలరు.

కోట జంక్షన్ (విజయనగరం):
బాబాయ్, ఆ ఉదాహరణ మాత్రం వద్దు. చౌకగా తెప్పించుకుంటున్న ఆస్ట్రేలియా ఆటగాళ్ళకి దారి మూసేశారప్పుడు. అలా కట్టడి చేస్తే నాకేం లాభం? మీ నాలుగు పెట్టెలు అమ్ముడుపోతాయి, నేను మాత్రం ప్రతిసారీ 2,799 కట్టాలి.

పులిమేక (బొబ్బిలి):
తిట్లు తింటానని తెలిసే రాస్తున్నాను. నేను ఒక కార్డ్ గేమ్ తయారుచేసి అమ్ముతుంటాను. వైజాగ్ ప్రెస్‌లో 100 పెట్టెలకి ఒక్కోటి 310 పడింది. 500 వేయిస్తే 140కే ఇస్తానన్నాడు. కానీ ఆ 500 ఎవరు కొంటారు? మా ఇంట్లో మంచం కిందే ఇంకా 37 ఉన్నాయి. ఏటికొప్పాక లక్క పావుల ఖర్చు వేరే.

2,799 పెట్టెని షాపు ద్వారా అమ్మితే కంపెనీకి వచ్చేది 1,679. మధ్యలో డిస్ట్రిబ్యూటర్ ఉంటే ఇంకా తగ్గుతుంది. అందులోంచే ప్రింటింగ్, బొమ్మలు గీసినవాళ్ళకి, లారీకి. నేరుగా ప్రీఆర్డర్ కట్టినవాళ్ళ డబ్బుతోనే మేం బతికేది, ఇది ఒప్పుకుంటాను. మిగిలిన సరుకు గోడౌన్‌లో ఉంటే అద్దె తింటుంది, అందుకని వదిలించుకుంటారు. సేల్ పెట్టడం మోసం కాదు. ప్రీఆర్డర్ పేజీలోనే ‘మూడు నెలల తర్వాత తగ్గవచ్చు’ అని ఒక ముక్క రాయకపోవడం మాత్రం తప్పే. నేనూ రాయలేదు. రాస్తే ఎవరు కడతారని భయం.

ఉద్దానం కుర్రోడు (పలాస):
అన్నా, చెప్పేశావు కదా, నీకు తిట్లు లేవు. కానీ గట్టిగా అడగనిదే ఎవరూ దిగిరారు. 2023 జనవరిలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే కథల ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్, ఆ ఆట రూల్స్‌ని బయటివాళ్ళూ వాడుకోనిచ్చే, 2000 నుంచి నడుస్తున్న ఓపెన్ లైసెన్స్‌ని మార్చబోయింది. ఆ రూల్స్ మీద పుస్తకాలు అమ్మేవాళ్ళ ఆదాయం 7,50,000 డాలర్లు దాటితే, పై మొత్తంలో 25 శాతం ఇవ్వాలన్న ముసాయిదా బయటికొచ్చింది. ఆటగాళ్ళు వరసపెట్టి ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్లు రద్దు చేసుకున్నారు. నెల తిరక్కుండానే కంపెనీ వెనక్కి తగ్గి, రూల్స్‌ని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వదిలేసింది.

కోట జంక్షన్ (విజయనగరం):
వాళ్ళ చేతిలో రద్దు బటన్ ఉంది తమ్ముడూ. నా చేతిలో విప్పేసిన పెట్టె ఉంది. ఏం రద్దు చేయను?

అష్టాచెమ్మా (ఆమదాలవలస):
బిల్లు ఉందిగా. 1915కి ఫోన్ చెయ్యి, వినియోగదారుల హెల్ప్‌లైన్. 900 గురించి మాట్లాడకు, అది వాదన. 175 మాత్రమే చెప్పు, అది లెక్క. మధ్యలో ఆదరణ, ధన్యవాదాలు అంటే పడిపోకు.

కోట జంక్షన్ (విజయనగరం), నాలుగు రోజుల తర్వాత:
ఫోన్ చేసేలోపే కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఈ చర్చ చూశారో ఏమో. 175 రూపాయల కూపన్ పంపారు. వాడుకోవాలంటే 3,000 పైన ప్రీఆర్డర్ కట్టాలట.

పులిమేక (బొబ్బిలి):
నవ్వాలో ఏడవాలో తెలీడం లేదు.

అష్టాచెమ్మా (ఆమదాలవలస):
కూపన్ కాదు, బ్యాంకు ఖాతాలో వెయ్యమను. ఫోన్ నంబరు పైన రాశాను.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం):
నా దగ్గర నాలుగూ అలాగే ఉన్నాయి. ఎలాగూ పోవడం లేదు కాబట్టి ఒకటి సీలు విప్పేస్తున్నాను. ఆదివారం మధ్యాహ్నం షాపు మూస్తాను, రండి ఆడదాం. టీచర్ గారూ, మీరు ఆమదాలవలస నుంచే కదా, ఆటోలో అరగంట. కోట జంక్షన్ బాబూ, నీ పెట్టె తేనక్కర్లేదు. రూల్స్ చెప్పడానికి నువ్వొస్తే చాలు, మా అబ్బాయికి మూడో పేజీ అర్థం కాలేదంట.