గోరంట్లలో ప్రీలాంచ్ ఫ్లాట్: సగం డబ్బు ముందే కట్టమంటున్నారు

డాలస్‌కి కొత్త:
అందరికీ నమస్కారం. హెచ్1బీ మీద ఈమధ్యే వచ్చాను. మాది గుంటూరు. గోరంట్ల వైపు కొత్త అపార్ట్‌మెంట్ వస్తోందని నాన్నగారికి తెలిసినవాళ్ళు చెప్పారు. ఇంకా పునాది కూడా తియ్యలేదు. ఇప్పుడే సగం కట్టేస్తే అడుగు రేటు బాగా తగ్గిస్తారట, రెరా నంబరు (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ ప్రాజెక్టుకిచ్చే రిజిస్ట్రేషన్) త్వరలోనే వచ్చేస్తుందట. నేను రాలేను కాబట్టి నాన్నగారికి పవర్ ఆఫ్ అటార్నీ (నా బదులు సంతకం పెట్టే అధికారం) పంపమంటున్నారు. కట్టమంటారా?

గుంటూరు బాబాయి, న్యూజెర్సీ:
కట్టకు బాబూ. నంబరు "త్వరలో వస్తుంది" అన్నారంటే ఇంకా రాలేదనేగా! 2016 రెరా చట్టం ప్రకారం నంబరు రాకముందు ప్రకటన వేయకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. స్థలం 500 చదరపు మీటర్లు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది దాటకపోయినా మినహాయింపు ఉంది గానీ, నువ్వు చెప్పేది అంత చిన్నదిలా లేదు. ప్రీలాంచ్ అని ముద్దుపేరు పెట్టారంతే.

ఇంకో సంగతి. నంబరు ఉన్న ప్రాజెక్టులో కూడా అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదని 13వ సెక్షన్. నిన్ను అడుగుతున్నది సగం! కొన్నవాళ్ళ దగ్గర వసూలు చేసిన దాంట్లో 70 శాతం వేరే ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు స్థలానికీ కట్టుబడికీ మాత్రమే వాడాలి. నంబరే లేనప్పుడు ఆ ఖాతా ఎక్కడుంటుంది? నీ డబ్బు పోయి ఎక్కడో మరో సైటులో శ్లాబవుతుంది.

మధ్యలో ఉన్న ఏజెంటుకి కూడా రెరా రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ నంబరు అడిగి చూడు. చాలామంది అక్కడితో ఫోన్లు చేయడం మానేస్తారు.

బ్రోచరు, వాట్సాప్ మెసేజ్‌లు మాత్రం చెరపొద్దు. అబద్ధపు ప్రకటన నమ్మి డబ్బు కట్టి నష్టపోతే 12వ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు, ఫ్లాటు వద్దనుకుంటే కట్టినదంతా వడ్డీతో వెనక్కి అడగొచ్చు. అగ్రిమెంట్‌లో రాసిన గడువుకి ఇల్లు అప్పజెప్పకపోతే 18వ సెక్షన్ కింద కూడా డబ్బు వడ్డీతో వెనక్కి అడగొచ్చు. అయితే ఇవన్నీ చూపించడానికి కాగితం ఉన్నవాడికే పనికొస్తాయి. మనవాళ్ళేమో "మనూరివాడే, పేపర్లెందుకు" అంటారు.

బెజవాడ అక్క, టొరంటో:
బాబాయిగారు బిల్డరు సంగతి చెప్పారు, నేను స్థలం సంగతి చెప్తాను తమ్ముడూ. రిజిస్ట్రేషన్ అయిపోతే ఆస్తి మనదే అనుకుంటాం. సబ్ రిజిస్ట్రార్ దస్తావేజు నమోదు చేస్తారంతే, అమ్మినవాడికి దానిమీద హక్కుందని హామీ ఇవ్వరు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల సర్టిఫికెట్) కూడా అంతే. అందులో రిజిస్టరైన లావాదేవీలే కనబడతాయి. రిజిస్టర్ చేయని వీలునామా, తెల్లకాగితం ఒప్పందం, చాలావరకు కోర్టు కేసులు అందులోకి రావు. 30 ఏళ్ళ ఈసీతో పాటు లింక్ డాక్యుమెంట్లన్నీ (ఆ స్థలం పాత దస్తావేజులు) మీ సొంత లాయరుకి చూపించండి. బిల్డరు చూపించిన లాయరు వద్దు.

మన జిల్లాల్లో నేను మొదట చూసేది ఆడపడుచుల సంతకాలు. ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకి వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లోనే చట్టం చేసింది, 2005లో దేశమంతటికీ వచ్చింది. అయినా అన్నదమ్ములు నలుగురూ సంతకం పెట్టేసి "చెల్లెళ్ళకి పసుపు కుంకుమ కింద ఇచ్చేశాం" అన్న దస్తావేజులు కోకొల్లలు. తర్వాత ఆ చెల్లెలో, ఆవిడ పిల్లలో కేసు వేస్తే నీ ఫ్లాటు అందులో ఇరుక్కుంటుంది.

సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితా) ఉందేమో చూడాలి. ప్రభుత్వ, అసైన్డ్ (ప్రభుత్వం పేదలకి పంచినవి), దేవాదాయ, వక్ఫ్ భూములు అందులో ఉంటాయి. స్థలం వాళ్ళూ బిల్డరూ ఫ్లాట్లు పంచుకుంటూ రాసుకున్న డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ తెప్పించుకుని, నీకు అమ్మే ఫ్లాటు ఎవరి వాటాలో పడిందో చూడు. ఓనరు వాటా ఫ్లాటుని బిల్డరు అమ్మేయడం కొత్తేమీ కాదు. ఒకవేళ టైటిల్ (యాజమాన్య హక్కు) లోపం వల్లే నష్టపోతే, పరిహారానికి రెరాలో కాలపరిమితి అడ్డు రాదు.

డాలస్‌కి కొత్త:
చాలా థాంక్స్ అక్కా, బాబాయిగారూ. పవర్ ఎలా పంపాలి? ఇంకో మాట... ఫ్లాటు వద్దంటే అదే ఏజెంటు అమరావతి దగ్గర అరెకరం పొలం చూపిస్తానంటున్నాడు.

గుంటూరు బాబాయి, న్యూజెర్సీ:
పొలం మాట మరిచిపో. ఫెమా (విదేశీ మారక చట్టం) కింద ఎన్నారైలు వ్యవసాయ భూమి, తోటలు, ఫామ్‌హౌస్ కొనకూడదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. ఇల్లు, ఫ్లాటు, షాపు కొనుక్కోవచ్చు. డబ్బు నీ ఎన్నారై ఖాతా నుంచి నేరుగా అమ్మేవాళ్ళ బ్యాంకు ఖాతాకే వెళ్ళాలి, నగదు వద్దు.

పవర్ జనరల్‌గా రాయొద్దు. ఏ ఫ్లాటు, ఏ పనులు అని స్పష్టంగా రాయించి, కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించు. ఇండియా చేరిన మూడు నెలల్లోపు నాన్నగారు స్టాంపు డ్యూటీ కట్టించాలి. అదే అవతలివాడు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద అమ్ముతుంటే, ఇచ్చిన మనిషి బతికే ఉన్నాడా అని కనుక్కో. మనిషి పోతే మామూలు పవర్ కూడా పోయినట్టే. సేల్ డీడ్ లేకుండా ఉత్త జీపీఏ రాయించుకుంటే యాజమాన్యం రాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది.

బెజవాడ అక్క, టొరంటో:
అమ్మేవాడు కూడా అమెరికాలోనే ఉన్నాడేమో అడుగు తమ్ముడూ, మనవైపు అది మామూలే. ఇండియాలో ఉన్నవాడైతే ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అతనికిచ్చే డబ్బులోంచి ఒక శాతం టీడీఎస్ (ముందే మినహాయించే పన్ను) పట్టుకుంటావు. ఎన్నారై అయితే లెక్క వేరు, చాలా ఎక్కువ. అది పట్టుకోకపోతే పన్నువాళ్ళు అడిగేది నిన్నే. ఆడిటరుతో మాట్లాడాకే కట్టు.

డాలస్‌కి కొత్త:
ఇప్పుడే నాన్నగారితో మాట్లాడాను. బయానా కింద లక్ష ఇచ్చేశారట, తెల్లకాగితం మీద రసీదు ఉంది.

గుంటూరు బాబాయి, న్యూజెర్సీ:
కంగారు పడకు, లక్షతోనే ఆగింది. రసీదు ఫోటో తీసి నీకు పంపమను, అసలు కాగితం ఎవరికీ ఇవ్వొద్దను. "రెరా నంబరు లేదు కాబట్టి మా డబ్బు తిరిగివ్వండి" అని లాయరుతో నోటీసు ఇప్పించు. కదలకపోతే ఏపీ రెరాలో ఫిర్యాదు వెయ్యి. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో కూడా వేయొచ్చు. నంబరు లేని ప్రాజెక్టు అని వెనకాడకు, ఫిర్యాదే దాని మీద కదా. స్థలం వాళ్ళది కాకపోయినా అమ్మజూపారని తేలితే పోలీసు కేసు కూడా అవుతుంది, భారతీయ న్యాయ సంహితలో మోసానికి 318వ సెక్షన్. ఈలోగా నాన్నగారి చేత ఇంకే కాగితం మీదా సంతకం పెట్టించనివ్వకు.