రొయ్యల రైతు ఎంపీకి నిలబడితే ఏడు నియోజకవర్గాలూ తిరగాలా, తీరం చాలా?

కావలి కుర్రోడు:
మా బాబాయికి అల్లూరు దగ్గర రొయ్యల గుంటలున్నాయి. వంద కౌంటు (కిలోకు వంద తూగే రొయ్యలు) ధర పడిపోయిన ప్రతిసారీ "ఎగుమతులూ సుంకాలూ ఢిల్లీలో తేలేవి, అక్కడ మన గోడు చెప్పేవాళ్లేరీ" అని బాధపడతాడు. వచ్చేసారి నెల్లూరు పార్లమెంటుకు ఇండిపెండెంటుగా నిలబడతానంటున్నాడు. కందుకూరు, కావలి, ఉదయగిరి, ఆత్మకూరు, కోవూరు, నెల్లూరు సిటీ, రూరల్ అంతా తిరుగుతాడట. ఒక్క జీపుతో అంత తిరిగితే ఎక్కడా ఆయన ముఖం గుర్తుండదు. కావలి, కోవూరు తీరం పట్టుకుంటే చాలని నేనంటున్నాను. మీరేమంటారు?

పెన్నా ఒడ్డు:
తమ్ముడూ, తిరగడం తర్వాత, ముందు కాగితాలు చూసుకోండి. ఒకసారి ఓ ఇండిపెండెంటు తరఫున నేను పనిచేశాను. గుర్తింపు పొందిన పార్టీ వాళ్లకు ఒక్క ప్రపోజరు, అంటే నామినేషన్‌ను ప్రతిపాదిస్తూ సంతకం పెట్టే ఓటరు, చాలు, మనకు పదిమంది కావాలి. పదిమందీ ఆ పార్లమెంటు పరిధిలో ఓటర్లై ఉండాలి. మా పదిమందిలో ఇద్దరు ముత్తుకూరు వాళ్లు. నెల్లూరు పక్కనే కదా అనుకున్నాం. ముత్తుకూరు సర్వేపల్లి నియోజకవర్గం, అది తిరుపతి పార్లమెంటులో ఉంది! నామినేషన్ ముందురోజు రాత్రి ఎవరో చెబితే తెలిసింది. తెల్లారేసరికి ఇంకో ఇద్దరి సంతకాల కోసం పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేను. జిల్లా పేరు చూసి మోసపోవద్దు. ఓటరు జాబితాలో ప్రతి ఒక్కరి పార్ట్ నంబరు, వరుస నంబరు చూసుకోండి. అఫిడవిట్‌లో ఒక్క గడి కూడా ఖాళీగా వదలొద్దు. వర్తించని చోట వర్తించదని రాయాలి.

మీ ప్రశ్నకు నా జవాబు: ఏడూ తిరగాల్సిందే.

ఉదయగిరి మెట్ట:
నాదీ అదే మాట, కాకపోతే కారణం వేరు. మా దగ్గర రొయ్యల గుంటల్లేవు, తాగే నీళ్లకే కష్టం. మీ బాబాయి గెలిస్తే మాకూ ఆయనే ఎంపీ. మా ఊరి ముఖం చూడని మనిషి మా తరఫున ఢిల్లీలో ఏం మాట్లాడతాడు? తీరం చాలనుకుంటే కావలి అసెంబ్లీకి నిలబడమనండి. దానికి డిపాజిట్ 10 వేలే, పార్లమెంటుకైతే 25 వేలు.

కావలి కుర్రోడు:
అన్నా, మీ మాట కాదనను. కానీ డిపాజిట్ పోతే ఊళ్లో తలెత్తుకోలేం కదా?

పెన్నా ఒడ్డు:
చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటితేనే డిపాజిట్ తిరిగొస్తుంది. 14 లక్షల ఓట్లు పడితే 2.33 లక్షలు దాటాలి. అది పోయిందనుకునే దిగండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. భయపడాల్సింది ఖర్చు లెక్కకు. 95 లక్షల పరిమితి మనకు ఎటూ అడ్డం రాదు. లెక్క రాయకపోవడమే ముంచుతుంది. నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందే ఎన్నికల ఖర్చుకని వేరే బ్యాంకు ఖాతా తెరవాలి. ఎన్నిక మొత్తంలో ఒకే మనిషికి 10 వేలు మించితే నగదు ఇవ్వకూడదు. జీపు డీజిల్, కరపత్రాలు, టీ ఖర్చు ఏ రోజుది ఆ రోజే పుస్తకంలో ఎక్కాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క అప్పజెప్పాలి. ఓడిపోయాక ఇంకెందుకులే అని వదిలేస్తే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు.

కోవూరు అక్క:
ఏడూ తిరగమంటున్నారు సరే, బూత్‌లో మన తరఫున కూర్చునే ఏజెంట్ల సంగతేంటి? పోలింగుకు గంటన్నర ముందు మాక్ పోల్ (ఓటింగు యంత్రం సరిగా ఉందో చూసే నమూనా ఓటింగు) జరుగుతుంది, అప్పటికే మన మనిషి బూత్‌లో ఉండాలి. సాయంత్రం పోలైన ఓట్ల లెక్కతో ఫారం 17సి కాపీ తీసుకోవాలి. అన్ని బూత్‌లకూ మనుషులు దొరకరు, అది నిజం. అందుకే ప్రచారం ఏడింటా చేయండి, ఏజెంట్లను మాత్రం మీ బలం ఉన్న తీరంలో పెట్టండి. కుర్రోడు చెప్పిందాంట్లో అంతవరకు న్యాయం ఉంది.

కావలి కుర్రోడు:
అక్కా, ఇది మా బాబాయికి ఇప్పుడే చదివి వినిపించాను. ప్రపోజర్లు పదిమందీ తీరం వాళ్లే ఉన్నారు, మెట్ట నుంచి ఒక్కరూ లేరని ఇప్పుడు ఆలోచిస్తున్నాడు.

ఉదయగిరి మెట్ట:
మా ఊరికి ఒకసారి తీసుకురా తమ్ముడూ. మా నాన్నతో మాట్లాడించు. ఆయనకు నమ్మకం కుదిరితే సంతకం పెడతాడు.