తొమ్మిదింటికి ‘అనుకున్నాం’ అంటే కలిసినట్టా, మానినట్టా?

1937 నాటి పోలిష్ సినిమా ‘పియెంత్రో విజెయ్’ చూశాను. మన మాటల్లో ‘పై వాటా’. ఒకే ఇంటిపేరున్న ఇద్దరు ఒకే బిల్డింగులో ఉంటారు. ఓనరుకు శాస్త్రీయ సంగీతం, అద్దెకున్న రేడియో అనౌన్సరుకు జాజ్. ఓనరు ఇంటికి రావాల్సిన అమ్మాయి పొరపాటున అనౌన్సరు వాటాలో దిగుతుంది. మిగతా కథ మీరే చెప్పేయగలరు. అనౌన్సరుగా వేసిన ఎవ్‌గెనియుష్ బోడో పాట ఒకటుంది, సంగీతం హెన్రిక్ వార్స్. రాత్రి తొమ్మిదింటికి ఆ అమ్మాయిని కలవాలి, ఆఫీసులో అడ్వాన్సు అడిగి గులాబీలు కొనాలి, అదీ అతని సంబరం. ‘ఉమూవివెమ్ షె’ (కలవడానికి మాట ఖాయం చేసుకున్నాను) అని ఎత్తుకుంటాడు. తెలుగు సబ్‌టైటిల్లో ఏమందాం?

— ‘మూవిచ్’ అంటే మాట్లాడటం. ‘షె’ చేసే పని మన ‘కొను’ చేసేదే. అచ్చంగా మన ‘అనుకొను’ కదండీ! ‘తొమ్మిదింటికి కలుద్దామనుకున్నాం.’

— చిక్కంతా అక్కడే మాస్టారూ. ‘కలుద్దామనుకున్నాం’ అనగానే మనవాళ్ళు ‘కానీ...’ కోసం చూస్తారు. వానొచ్చిందో, వాళ్ళ నాన్నొచ్చాడో అని. పాటలో ఆ అనుమానమే లేదు.

— ‘మాటైంది’ అంటే పెళ్ళిమాటల వాసన. ‘అపాయింట్‌మెంట్ ఉంది’ అంటే పళ్ళ డాక్టరు గుర్తొస్తాడు. ‘తొమ్మిదింటికి వస్తానంది’ అనేస్తే?

— బాగుందండీ! పోలిష్‌లో కర్త అతనే, ఆ గొప్ప కొంచెం పోతుంది. పోనీండి, ‘రమ్మన్నాను’ అంటే ఆర్డరేసినట్టుంటుంది. మీదే ఖాయం.

అన్నట్టు, బోడో అన్నది పెట్టుకున్న పేరు. బోహ్‌దాన్ అన్న తన పేరులోంచి ‘బో’, తల్లి దొరోతా పేరులోంచి ‘దో’. అసలు ఇంటిపేరు జూనో, తండ్రి స్విస్. ఆ స్విస్ పాస్‌పోర్టే కొంప ముంచింది. 1941లో పోలండ్‌తో కుదిరిన ఒప్పందంతో సోవియట్‌లు తమ చెరలో ఉన్న పోలిష్ పౌరులను వదిలినా, స్విస్ పౌరుడని ఇతన్ని వదల్లేదు. 1943లో లేబర్ క్యాంపులో పోయాడు. ఆ పాట వింటుంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

— అయ్యో. ఇంతకీ ఆ ఉమ్మడి ఇంటిపేరేమిటండీ?

— ‘పొంచెక్’. అక్షరాలా చిన్న మొగ్గ. కానీ వాడుకలో లోపల జామ్ పెట్టి నూనెలో వేయించే తీపి వంటకం.

— లోపల తీపి పెట్టి నూనెలో వేయిస్తే మన పూర్ణం బూరే కదా! బూరెల అన్న ఇంటిపేరు మనకూ ఉంది. సబ్‌టైటిల్లో ‘బూరెల వారు’ అనేయండి. ఒకే బిల్డింగులో ఇద్దరు బూరెల వారుంటే ఏ అమ్మాయైనా వాటా తప్పుతుంది.