ఎస్టిమేట్‌లో పేవ్‌మెంట్ అంటే ఫుట్‌పాతా, రోడ్డా?

కాలనీవాసి: పొద్దున్నుంచి ఈ కాగితంతో కుస్తీ పడుతున్నాను. మా వీధి పని ఎస్టిమేట్ కాపీ తెచ్చుకున్నాం. "పేవ్‌మెంట్ మందం 380 మి.మీ." అని ఉంది. ఫుట్‌పాత్‌కి అడుగు పైన మందం దేనికండీ, బిల్లు పెంచడానికి కాకపోతే? రేపే అర్జీ పెట్టాలి. తెలిసినవాళ్ళు త్వరగా చెప్పండి.

రోడ్ల ఇంజినీరు: పేవ్‌మెంట్ అంటే రోడ్డే. సీసీనా, బీటీనా?

కాలనీవాసి: అదేంటి సార్, పేవ్‌మెంట్ మీద నడవాలనే కదా బళ్ళో చెప్పారు! మాది తారు రోడ్డు.

కెమిస్ట్రీ మాస్టారు: తారు అనకండి. తారు బొగ్గు నుంచి తీసేది. ఇప్పుడు రోడ్లకు వాడేది ముడిచమురు శుద్ధిలో అడుగున మిగిలే బిట్యుమెన్. రెండూ నల్లగా ఉన్నంత మాత్రాన ఒకటి కావు.

ఓరుగల్లు తమ్ముడు: మా దిక్కు డాంబర్ రోడ్డంటం సార్. బిట్యుమెన్ అంటే ఎవరికి సమజైతది? బీటీ అంటే బిట్యుమెన్, తారు అనే కదా?

కెమిస్ట్రీ మాస్టారు: కాదు బాబూ, బ్లాక్ టాప్.

రోడ్ల ఇంజినీరు: అసలు ప్రశ్నకి వద్దాం. మట్టిని చదును చేసి రోలర్ తొక్కించాక, దానిపైన వేసే పొరలన్నీ కలిపి పేవ్‌మెంట్. 380 ఇలా రావచ్చు: అడుగున జీఎస్‌బీ (కంకర అడుగు పొర) 150, దాని మీద వెట్‌మిక్స్ (నీళ్ళతో కలిపిన కంకర, రాతిపొడి) 150, తర్వాత డీబీఎం (బిట్యుమెన్ కలిపిన దట్టమైన కంకర పొర) 50, పైన బీసీ (బిట్యుమెన్ కాంక్రీట్, పై పొర) 30. నల్లగా ఉండేది చివరి రెండే. రోడ్డు గుంత పడితే బూడిద రంగు కంకర, రాతిపొడి బయటపడతాయి చూడండి, అది వెట్‌మిక్స్. ఎస్టిమేట్‌లో ఒక్కో పొరకూ వేరే ఐటమ్ ఉంటుంది. పని జరిగేటప్పుడే కొలవండి. అంతా వేసేశాక కోర్ కటింగ్ (గొట్టంలా కోసి ముక్క తీయడం) చేసో, గుంత తవ్వో చూడాల్సిందే.

నడకదారి: మరి నడిచేవాళ్ళ సంగతి? ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 103 మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు వదలాలి. మా వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె కట్టేసి, మా అమ్మ వీల్‌చైర్ పట్టకుండా చేశారు. అర్జీలో ఇదీ రాయండి.

ఓరుగల్లు తమ్ముడు: నిజం అక్కా. మా గల్లీల అసలు ఫుట్‌పాతే లేదు.

కాలనీవాసి: సార్, ఐటమ్‌లు చూశాను. జీఎస్‌బీ 150, వెట్‌మిక్స్ 150, బీసీ 30. డీబీఎం ఎక్కడా లేదు.

రోడ్ల ఇంజినీరు: 330 అయింది. మిగతా 50 ఏదని రాతపూర్వకంగా అడగండి.

కెమిస్ట్రీ మాస్టారు: ఆ అర్జీలోనైనా తారు అని రాయకండి.

కాలనీవాసి: సరే, థాంక్స్ అండీ. టైపింగ్ షాపు మూసేలోపు వెళ్ళాలి.