రాజాం తమ్ముడి రైఫిల్ ప్రశ్న: ఏ స్టాక్ ఒంటికి కుదురుతుంది?

రాజాం, ఇప్పుడు మాడిసన్:

అందరికీ నమస్కారం. నేను హెచ్1బి మీద మాడిసన్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా టీమ్‌లో ముగ్గురు ప్రతి నవంబరూ జింకల వేటకి వెళ్తారట. ఈ ఏడు నన్నూ రమ్మంటున్నారు. నిన్న తుపాకీల కొట్టుకి వెళ్ళి చూశాను, గోడ నిండా రైఫిళ్ళే. ఒకదాని స్టాక్, అంటే గొట్టాన్ని పట్టి ఉంచి భుజానికి ఆనే భాగం, వాల్‌నట్ చెక్కది, చెంప ఆనే చోట ఎత్తుగా వంపు తిరిగి నిగనిగలాడుతోంది. ఇంకోదానికి బొటనవేలు దూర్చడానికి కన్నం ఉంది. మూడోది నల్ల ప్లాస్టిక్‌ది, ధర చెక్కదాంట్లో సగం. కొట్టువాడు దేన్ని చూపించినా "నీకు భలే సరిపోతుంది" అంటున్నాడు. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. మనసు చెక్కదాని మీదే ఉంది. ఏది తీసుకోమంటారు? అమ్మకి ఇంకా చెప్పలేదు.

టెక్కలి, ఇప్పుడు షికాగో:

అమ్మకి చెప్పకుండా తుపాకీ కొంటున్నావేటి బావూ! మన దగ్గర 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద కుందేలుని కొట్టినా కేసే. నువ్వేమో అమెరికా వచ్చి ఏడాది తిరక్కుండానే జింక దాకా వెళ్ళిపోయావు.

నరసన్నపేట, ఇప్పుడు మిల్వాకీ:

స్టాక్ సంగతి తరవాత తమ్ముడూ, ముందు కాగితాల సంగతి చూడు. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఇక్కడి ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. దానికి కొన్ని మినహాయింపులున్నాయి. వాటిలో నీకు పనికొచ్చేది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. స్నేహితుడి రైఫిల్ అరువు తెచ్చుకున్నా ఇదే లెక్క. మనం ఉన్న విస్కాన్సిన్‌లో 1973 జనవరి 1న గానీ ఆ తరవాత గానీ పుట్టినవాళ్ళు లైసెన్సు కోసం ముందు హంటర్ ఎడ్యుకేషన్ పాసవ్వాలి. అంటే ముందు కోర్సు, దాని మీద లైసెన్సు, ఆ తరవాతే కొట్టు. కొట్లో 4473 అని ఒక ఫారం చేతికిస్తారు. అందులో వీసా గురించి అడిగిన చోట తొందరపడి టిక్కు పెట్టకు, అబద్ధం రాస్తే అది వేరే నేరం. లైసెన్సు గడువు తీరిపోతే ఇంట్లో ఉన్న రైఫిలే నీ మెడకి చుట్టుకుంటుంది. మీ ఇమిగ్రేషన్ లాయర్ని ఒక మాట అడిగి అప్పుడు కదులు.

చీపురుపల్లి, ఇప్పుడు గ్రీన్ బే:

నరసన్నపేట బావ చెప్పిందంతా అయిపోయి, లైసెన్సు నీ జేబులో ఉందనుకుని రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

మా తాత వడ్రంగి. నాగలి చెయ్యమని ఎవరైనా వస్తే ముందు ఆ మనిషిని నిలబెట్టి, చెయ్యి కిందకి వదలమని, పిడికిలి ఎక్కడికొస్తుందో చూసి మేడి ఎత్తుకి గుర్తు పెట్టుకునేవాడు. అన్న నాగలి తమ్ముడు పట్టాడా, మధ్యాహ్నానికి నడుం పట్టేసేది. రైఫిల్ స్టాక్ కూడా మేడి లాంటిదేనని నాకు ఇక్కడ నాలుగు రైఫిళ్ళు మార్చాక గానీ బోధపడలేదు. గొట్టం ఎవరి చేతిలోనైనా ఒకలాగే పేలుతుంది. స్టాక్ మాత్రం నీ మెడకి, భుజానికి, చెంప ఎముకకి కుదరాలి. గోడ మీద ఉన్నవన్నీ ఎవరో సగటు మనిషి కొలతకి చేసినవి. ఆ సగటు మనిషి నీకంటే, నాకంటే పొడుగు.

మొదటి కొలత పుల్. ట్రిగ్గర్ నుంచి తుపాకీ మడమ, అంటే భుజానికి ఆనే వెనక కొస, దాని మధ్య దాకా ఉన్న దూరం అది. పెద్దవాళ్ళ రైఫిళ్ళకి మామూలుగా 13.5 నుంచి 14 అంగుళాల దాకా ఉంటుంది. కాంపాక్ట్ అని, యూత్ అని అమ్మేవి 12.5 చుట్టూ ఉంటాయి. మోచెయ్యి మడిచి, మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలవమని కొట్లో చెప్తారు. అది ఉజ్జాయింపు మాత్రమే. ఒకే పొడుగు చేతులున్న ఇద్దరికి మెడలు ఒకలా ఉండవు కదా. నేను చూసేది వేరు. రైఫిల్ భుజానికి ఆనించి చెంప పెట్టాక, ముక్కుకీ పిడి పట్టిన బొటనవేలికీ మధ్య రెండు మూడు వేళ్ళ ఖాళీ ఉందా లేదా? లేకపోతే పేలినప్పుడు నీ బొటనవేలే నీ ముక్కు మీద గుద్దుతుంది. పుల్ మరీ పొడుగైతే మడమ చంకలో కోటుకి తట్టుకుంటుంది, భుజం గుంటలో కూర్చోకుండా చేతి కండ మీదకి జారిపోతుంది.

ఇందులో మన కొత్తవాళ్ళందరూ పప్పులో కాలేసేది ఒక్కచోట. కొట్టుకి వెళ్ళేది ఆగస్టులో, టీషర్టు మీద. ఇక్కడ జింకల సీజను థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు. అప్పటికి ఒంటి మీద ఉన్ని బనీను, స్వెట్టరు, బొంత లాంటి కోటు, దాని పైన చట్టం ప్రకారం నారింజ రంగుదో గులాబీ రంగుదో ఇంకో పొర. ఇవన్నీ కలిసి భుజం ముందు అరంగుళం పైనే పేరుకుంటాయి. ఆగస్టులో అచ్చంగా కుదిరిన రైఫిల్ నవంబరులో పొడుగైపోతుంది. కాబట్టి ఎండాకాలమైనా సరే కోటు చంకన పెట్టుకుని వెళ్ళు. కొట్టువాడు నవ్వితే నవ్వనీ.

రెండోది కోంబ్, అంటే చెంప ఆనే పై అంచు. నా లెక్కలో పుల్ కంటే ఇదే ముఖ్యం. పాత రైఫిళ్ళకి గురి చూసే సైటు గొట్టాన్ని అంటుకునే ఉండేది కాబట్టి స్టాక్ వెనక్కి బాగా కిందకి దిగేది. ఇప్పుడు అందరం స్కోప్, అంటే గురి చూసే చిన్న దుర్బిణి, పెడతాం. స్కోప్ మధ్య గీత గొట్టం మధ్య నుంచి సుమారు అంగుళంన్నర పైన కూర్చుంటుంది. కోంబ్ మాత్రం పాత ఎత్తులోనే ఉంటే చెంపకి ఆధారం దొరకదు, గడ్డం మాత్రమే ఆనుతుంది. తల గాల్లో తేలుతుంది. తల ప్రతిసారీ ఒకే చోట ఆనకపోతే గుండు ఒకే చోట ఎలా పడుతుంది?

నువ్వు మోజు పడ్డ చెక్కదాని వంపుని మాంటే కార్లో అంటారు. స్కోప్ కోసం కోంబ్‌ని ఎత్తి, మడమని కింద ఉంచడానికి వచ్చిన రూపం. 1945లో కాలిఫోర్నియాలో కంపెనీ పెట్టిన రాయ్ వెదర్‌బీ రైఫిళ్ళలో ఈ కోంబ్ ముందుకి పోయేకొద్దీ కిందకి వాలుతుంది. పేలినప్పుడు స్టాక్ వెనక్కి వస్తూ చెంపని వదిలేస్తుంది. ఆ ఆలోచన మంచిదే. కానీ మాంటే కార్లో అన్న పేరున్న ప్రతిదీ అలా వాలదు. కొన్నింటిలో వాలు ఎదురుగా ఉంటుంది, దెబ్బ నేరుగా చెంప ఎముకకి తగులుతుంది. క్లాసిక్ అనే రెండో రకానికి వంపులేవీ ఉండవు, కోంబ్ దాదాపు గొట్టంతో సమానంగా తిన్నగా పోతుంది. చూడ్డానికి బోసిగా ఉంటుంది గానీ దెబ్బ తిన్నగా భుజంలోకి వస్తుంది, గొట్టం మూతి తక్కువ ఎగురుతుంది. నాకిదే ఇష్టం.

బొటనవేలి కన్నంది మణికట్టుకి హాయిగా ఉంటుంది, కాదనను. కూర్చుని ఒకే గురి మీద చాలాసేపు ఉండేవాడికి బాగుంటుంది. చెట్టు మీద మంచెలో, మందపాటి గ్లవ్స్‌తో, జింక కనిపించిన మూడు సెకన్లలో వేలు దూర్చాలంటే మాత్రం చికాకు. పేలకుండా ఆపే సేఫ్టీ మీట మీదకి బొటనవేలు పోవడం కూడా ఆలస్యమే. ఎడమచేతి వాటం అయితే కుడిచేతిది ముట్టుకోకు.

నా సంగతి చెప్తాను. నా మొదటి రైఫిల్ ఆఫీసులో ఒక ఆరడుగుల పైవాడి దగ్గర కొన్నాను. పుల్ 14 దాటి ఉండేది, కోంబ్ పల్లంగా ఉండేది. స్కోప్‌లో నిండు బొమ్మ కనిపించక, తేలినీలాపురం కొంగలా మెడ ముందుకి చాచి కాల్చాను. స్కోప్‌కీ కంటికీ మధ్య మూడున్నర అంగుళాలు ఉండాల్సింది, నాకు రెండు కూడా లేవు. అంచు కనుబొమ్మ మీద దిగింది. రక్తం కళ్ళద్దాల మీదకి కారింది. ఆ ఆదివారం గుడిలో పంతులుగారు ఆ అర్ధచంద్రం పక్కనే బొట్టు పెడుతూ "ఇదేటి నాయనా" అన్నారు. తలుపు తగిలిందని చెప్పాను. మా ఆవిడ అక్కడే నవ్వేసింది.

ఇక చెక్కా, ప్లాస్టిక్కా అన్నది. బొబ్బిలి వీణని గొల్లపల్లిలో ఒకే పనస మొద్దు నుంచి తొలుస్తారు. చెక్కంటే నీకున్న మోజు నాకు అర్థమవుతుంది. కానీ వీణని మంచులో తడపం. వాల్‌నట్ తేమకి ఉబ్బి గొట్టాన్ని నొక్కిందంటే గురి జరిగిపోతుంది. గొట్టం కింద, స్టాక్ ముందు భాగంలో ఒక కాగితం దూర్చి లాగి చూడు. అది ఎక్కడా తట్టుకోకుండా వెనకదాకా జారిందంటే గొట్టం స్వేచ్ఛగా ఉన్నట్టే. చవక ప్లాస్టిక్‌ది చేత్తో పక్కకి నొక్కితే వంగి గొట్టాన్ని తాకుతుంది, అదీ చూడు. చెక్కే కొనాలనుంటే పిడి సన్నబడే చోట చెక్క గీతలు పొడుగునా పోతున్నాయో లేదో చూసుకో. గీత అడ్డంగా తెగిందంటే అక్కడే విరుగుతుంది. గొడ్డలి కామకి కర్ర ఏరేటప్పుడు మా తాత చూసేది కూడా ఇదే. పల్చటి చెక్కలు అతికించి చేసే లామినేట్ అని ఇంకోటి ఉంది, గట్టిది, తేమకి కదలదు, కాకపోతే బరువు.

ఇప్పుడు పరీక్ష. రైఫిల్ ఖాళీగా ఉందని నువ్వే బోల్టు తెరిచి చూడు, వేలు పెట్టి చూడు. మూతి ఏ వైపు పెట్టాలో కొట్టువాణ్ణి అడుగు. కళ్ళు మూసుకో. భుజానికి ఎత్తు, చెంప వాలిపోయిన చోట వాలనీ. అప్పుడు కళ్ళు తెరువు. స్కోప్‌లో బొమ్మ అంచుల దాకా నిండుగా గుండ్రంగా ఉండాలి. ఒక పక్క నల్లటి నెలవంక కనిపించి, తల పైకెత్తితే అది పోయిందంటే కోంబ్ పల్లం. చుట్టూ నలుపు కమ్మి, తల ముందుకో వెనక్కో జరిపితే పోయిందంటే స్కోప్ జరపాలి, లేదా పుల్ మార్చాలి. ఇలా పదిసార్లు చెయ్యి. ఒకసారి కుదరడం లెక్కలోకి రాదు.

బొబ్బిలి, ఇప్పుడు వాసా:

మా వీణని తుపాకీ పక్కన పెట్టినందుకు చీపురుపల్లి అన్నయ్యగారి మీద నాకు కోపంగా ఉంది, అయినా రాస్తున్నాను. నా ఎత్తు 5 అడుగుల 1. మావారి రైఫిల్‌తో రెండేళ్ళు తంటాలు పడ్డాను. అన్నయ్యగారు వదిలేసినది ఒకటుంది: పిచ్. మడమ ఏ కోణంలో తెగి ఉందన్నది. మగవాళ్ళకి తెలీదు గానీ, మడమ కింది కొన ఆడవాళ్ళకి రొమ్ము పైన గుచ్చుకుంటుంది. పేలిన ప్రతిసారీ అక్కడ నీలంగా కమిలేది. నేను దెబ్బకి భయపడుతున్నానని మావారు అనుకునేవారు. రబ్బరు ప్యాడ్ విప్పి, కింది కొన కొంచెం ముందుకి పోయేలా మడమ కోయించి, పుల్ 12.75కి తగ్గించాక అదే రైఫిల్, అదే తూటా, ఇప్పుడు కమలడం లేదు. తమ్ముడూ, చెక్క స్టాక్ కోయిస్తే మళ్ళీ అతకదు. ఒక్కో పావు అంగుళమే తీయించు.

రాజాం, ఇప్పుడు మాడిసన్:

ఆరు వారాల తరవాత రాస్తున్నాను. కోర్సు పాసయ్యాను, లైసెన్సు వచ్చింది, లాయరు సరేనన్నాడు. నిన్న కోటు వేసుకుని కొట్టుకి వెళ్ళాను. కొట్టువాడు నిజంగానే నవ్వాడు. చెక్కది పదిసార్లు ఎత్తాను, ఎనిమిదిసార్లు నెలవంకే. దాని పుల్ 13.75. నల్లదాంట్లో కాంపాక్ట్ 12.5, భుజంలో చక్కగా కూర్చుంది గానీ కోంబ్ పల్లం. పక్కనే సావేజ్ కంపెనీది ఒకటి ఉంది, ఆక్యూఫిట్ అని స్టాక్ పేరు, దానికి మడమ దగ్గర, కోంబ్ దగ్గర వేరువేరు మందాల ముక్కలు మార్చుకోవచ్చు. పుల్ అన్నిటికంటే పొట్టిగా పెట్టి, కోంబ్‌కి ఎత్తు ముక్క వేయించాను. పదికి తొమ్మిది నిండుగా వచ్చాయి. చూడ్డానికి మాత్రం గొడుగు కర్రలా ఉంది.

చీపురుపల్లి, ఇప్పుడు గ్రీన్ బే:

అదే తీసుకో. తూటా సైజు .308 అయితే ముందు ఇరవై గుండ్లు రేంజిలో బల్ల మీద ఆనించి కాల్చు, ఇంకో ఇరవై కోటు వేసుకుని కూర్చుని. రెండింటికీ గుండ్లు వేరేచోట్ల పడితే ముక్కలు మళ్ళీ మార్చాలి. ఆ స్క్రూడ్రైవరు సంచిలోనే ఉంచుకో.

టెక్కలి, ఇప్పుడు షికాగో:

అవన్నీ సరే. అమ్మకి చెప్పావా లేదా?

రాజాం, ఇప్పుడు మాడిసన్:

చెప్పాను. రెండిటి ఫొటోలూ పంపాను. "ఆ చెక్కది లక్షణంగా ఉంది కదరా, ఈ నల్ల పుల్ల ఏటి కొన్నావు" అంది.